గ్రంథాలయ బల్లపై ఆటవస్తువులు: ఖర్చు ఎవరిది, బాధ్యత ఎవరిది?

(పాఠశాల ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



వేతనాలపై, ఉద్యోగ భద్రతపై తీర్మానాలు చర్చించే సదస్సులో పిల్లల ఆటవస్తువుల మాట ఎందుకని కొందరు ప్రతినిధులు అడిగినారు. పాఠశాల గ్రంథాలయాలలో పనిచేసే మన సభ్యులకు ఇది పనిభారానికి, సొంత ఖర్చుకు, రికవరీ భయానికి సంబంధించిన విషయము.

మధ్యాహ్న విరామంలో బల్ల వెనుక ఒక్క ఉద్యోగి, ఒక్క రిజిస్టరు. ఎదుట వరుసలో తరగతి పిల్లలందరు. తన వంతు వచ్చువరకు పిల్లవాని చేతులు ఊరకుండవు. తారీఖు ముద్రను లాగుతాడు, ప్రక్కవానిని నెట్టుతాడు. ఆ చేతులకు పని చూపితే వరుస తనంత తానే కుదుటపడుతుంది.

ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. అట్టపై గీసిన పులి-మేక పటము, 3 పులులకు, 15 మేకలకు సీసామూతలు చాలును. నేపాలులో ఈ తరహా ఆటనే 4 పులులు, 20 మేకలతో ఆడుతారు. తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశా నుండి వచ్చిన వలస కార్మికుల బిడ్డ తెలుగు రాకున్నను ఈ ఆటలో కూర్చొనగలదు. పాత పత్రికల ముఖచిత్రాలను అట్టకు అంటించి ముక్కలుగా కోయవచ్చును. దారముతో బల్లకు కట్టిన భూతద్దము, దాని ప్రక్కన ఒక ఆకు, ఒక ఈక ఉంచవచ్చును. చౌక వస్తువులతోనే విజ్ఞానము బోధించవచ్చునని 1972 నుండి 2002 వరకు మధ్యప్రదేశ్‌లో నడచిన హోషంగాబాద్ కార్యక్రమము నిరూపించినది.

ఒక హెచ్చరిక. చిన్న అయస్కాంతాలు, బటన్ బ్యాటరీలు గల వస్తువులు బల్లపై ఉంచరాదు, మింగిన ప్రాణాపాయము. కొనే బొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి.

ఇక అసలు సమస్య. 2009 విద్యాహక్కు చట్టము షెడ్యూలు ప్రతి పాఠశాలకు గ్రంథాలయము, ప్రతి తరగతికి అవసరమైన ఆటసామగ్రి ఉండవలెనని చెప్పినది. గ్రంథపాలకుని పోస్టును మాత్రము పేర్కొనలేదు. కనుక ఈ పని ఉపాధ్యాయురాలి పైననో, కాంట్రాక్టు ఉద్యోగిని పైననో పడుచున్నది. జిగురు, అట్ట, రంగులు ఆమె జీతము నుండే వచ్చుచున్నవి. ఒక వస్తువు పోయిన తనిఖీలో ఆమెయే సంజాయిషీ చెప్పుకొనవలెను. ఆ భయముతోనే పలుచోట్ల బీరువాలకు తాళాలు పడినవి.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి (2017), మోసము, నిర్లక్ష్యము లేని పక్షంలో, పాఠకులకు ఇచ్చిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవుట సహజమని అంగీకరించినది. పిల్లల చేతిలో అరిగిపోయే అట్టముక్కకు ఈ న్యాయము ఎందుకు వర్తించరాదు?

కనుక మన కోర్కెలు మూడు: సామగ్రి పాఠశాల నిధులతో కొనవలెను, వాడుకలో పోయినదానికి, విరిగినదానికి ఉద్యోగి నుండి రికవరీ చేయరాదు, ప్రతి పాఠశాల గ్రంథాలయానికి క్రమబద్ధమైన పోస్టు మంజూరు చేయవలెను. బల్లపై బొమ్మలున్నవి గదా అని మూడవ కోర్కెను వాయిదా వేయుటకు మనము అంగీకరించరాదు. పిల్లవానికి తగిన పుస్తకమును ఎంచి చేతికిచ్చుటకు మనిషి కావలెను.

ఈ తీర్మానమును ఏకగ్రీవముగా ఆమోదించవలసినదిగా కోరుచున్నాము.