14 పాటలు పాడారు, ఒక్క మాట అడగలేదు!

మన అమ్మానాన్నల కాలంలో ఊపేసిన ఒక హిందీ సినిమా గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. 'హమ్ ఆప్‌కే హై కౌన్'. 1994 ఆగస్టులో వచ్చింది. సూరజ్ బర్జాత్యా డైరెక్షన్, రాజశ్రీ బ్యానర్. తెలుగులో 'ప్రేమాలయం' పేరుతో డబ్ అయింది. హిందీలో సల్మాన్ ఖాన్‌కి గొంతు ఇచ్చింది ఎవరో తెలుసా? మన బాలుగారే!

మూడు గంటలు దాటిన సినిమా, 14 పాటలు. 'ఇది సినిమానా, పెళ్లి వీడియోనా' అని నవ్వేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ కాస్త జాగ్రత్తగా చూడండి. ఇందులో పాటలు ఊరికే రావు. పెళ్లిలో చెప్పులు దాచేటప్పుడు ఒక పాట. సీమంతానికి మాధురి ఊదా రంగు చీర కట్టుకుని ఒక పాట. అందరూ కూర్చుని దిండు చేతులు మార్చుకుంటూ ఆడే ఆటలోనూ పాటలు. మామూలుగా నోటితో చెప్పలేనివన్నీ వీళ్లు పాటలో చెప్పేస్తారు. ప్రేమ్, నిషా ప్రేమలో పడేది కూడా ఈ సందడి మధ్యలోనే.

ఇక్కడి నుంచి కథ చెప్పేస్తున్నా, చూడనివాళ్లు ముందు చూసి రండి.

నిషా అక్క పూజ, ప్రేమ్‌కి వదిన. వీళ్ల ప్రేమ సంగతి తెలిసి, సంతోషంగా చెల్లెలి మెడలో గొలుసు వేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పేలోపే మెట్ల మీద నుంచి పడి చనిపోతుంది. చంటిబిడ్డకి తల్లి లేదు. అందుకని నిషాని బావగారు రాజేశ్‌కి ఇచ్చి చేద్దామని పెద్దలు అనుకుంటారు. నిషా ఏమో ప్రేమ్‌తోనే పెళ్లి అనుకుని సరే అంటుంది. తర్వాత అసలు విషయం తెలిసినా నోరు విప్పదు. ప్రేమ్ కూడా విప్పడు. ఇద్దరూ బిడ్డ కోసం త్యాగానికి సిద్ధపడతారు.

నాకు భయం వేసేది ఇక్కడే. ఈ ఇంట్లో విలన్ లేడు. అందరూ మంచివాళ్లే, అందరికీ నిషా అంటే ప్రాణమే. అయినా ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, 'నీ మనసులో ఎవరైనా ఉన్నారా అమ్మా' అని ఒక్కరూ అడగరు. సినిమా పేరుకి అర్థమే 'మేం మీకు ఏమవుతాం' అనే ప్రశ్న. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు.

చివరికి నిజం బయటపెట్టింది ఎవరు? టఫీ, ఇంట్లో కుక్క! ప్రేమ్‌కి చేరాల్సిన ఉత్తరాన్ని తీసుకెళ్లి రాజేశ్‌కి ఇస్తుంది. రాజేశ్ అది చదివాడు కాబట్టి సరిపోయింది, పెళ్లి ఆపాడు. లేకపోతే ముగ్గురి జీవితాలూ పోయేవి.

అందుకే ఈ సినిమాని తీసిపారేయకండి, అలాగని గుడ్డిగా మెచ్చుకోవద్దు కూడా. ఆ పాటలు నాకూ ఇష్టమే. కానీ సంగీత్‌లో డాన్సులు చేసి, ఫ్యామిలీ గ్రూప్‌లో రోజూ గుడ్‌మార్నింగ్‌లు పెట్టుకునే మన ఇళ్లలో కూడా ఈ మౌనం ఉంది. మీ అక్కకో చెల్లికో సంబంధం చూస్తుంటే, లగ్నపత్రిక రాయకముందే, ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్కసారి అడగండి. మన ఇళ్లలో ఉత్తరం మోసుకెళ్లడానికి టఫీ ఉండదు కదా.