ఆ రాత్రి మాటేమిటి?

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో సమాఖ్య కార్యవర్గము పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మనము సాధారణముగా వేతనముల గురించి, డ్యూటీ వేళల గురించి, ఖాళీల భర్తీ గురించి, పింఛను గురించి మాట్లాడుకుంటాము. ఈనాడు వేరొక విషయము ఎత్తుకుంటున్నాము. డ్యూటీ ముగించుకొని ఇంటికి పోవుచున్న కార్మికుని పోలీసులు దారిలో నిలిపివేసినపుడు అతనికి గల హక్కులేమిటి? ఆ హక్కులకు భంగము కలిగినపుడు సంఘము చేయవలసినదేమిటి?

దీనిని ఎత్తుకొనుటకు ఒక కారణము ఉన్నది. చాల ఏండ్ల క్రిందట మా శాఖ సభ్యుడైన ఒక గ్యాంగ్‌మన్ రాత్రి గస్తీ ముగించుకొని, చేతిలో లాంతరు, భుజాన పనిముట్ల సంచితో ఇంటికి నడచి వస్తున్నాడు. పోలీసులు ఆపినారు. సంచిలోని ఇనుప సామాను ఎక్కడిదని అడిగినారు. రైల్వే వారిచ్చిన స్పానరు అని చెప్పినాడు, గుర్తింపు కార్డు చూపినాడు. అయినను స్టేషనుకు తీసుకుపోయి మరునాడు ఉదయము పది గంటల దాక నేలపై కూర్చుండబెట్టి, ఒక్క కాగితమైనా వ్రాయకుండ పొమ్మన్నారు. ఆనాటి డ్యూటీకి గైర్హాజరు పడినది.

అతడు మా కార్యాలయమునకు వచ్చినాడు. మేము అధికారులకు వినతిపత్రమిచ్చి గైర్హాజరును రద్దు చేయించినాము. ఒకనాటి జీతము తిరిగి వచ్చినది. మా పని అయిపోయినదనుకున్నాము. అతడు మాత్రము గడపలో నిలబడి, "జీతం వచ్చింది, సంతోషమే అన్నా. ఆ రాత్రి మాటేమిటి?" అని అడిగినాడు. "కొట్టలేదు, కేసు పెట్టలేదు, పోనీలే తమ్ముడూ" అని మేము అన్నాము. అతడు మారు మాటాడక వెళ్ళిపోయినాడు. ఆనాడు మేము చెప్పినది తప్పు. ఎందుకు తప్పో చెప్పుటకే ఈ ప్రసంగము.

1985వ సంవత్సరములో జరిగిన ఒక సంఘటనను తీసుకుందాము. భీమ్‌సింగ్ జమ్మూ కాశ్మీరు శాసనసభ సభ్యుడు. ఆయనను ఆగస్టు నెలలో సభ నుండి సస్పెండు చేసినారు. సెప్టెంబరు 9వ తేదీన అచ్చటి హైకోర్టు ఆ సస్పెన్షనును నిలుపుదల చేసినది. సభకు హాజరగుటకై ఆయన ఆ రాత్రియే జమ్మూ నుండి శ్రీనగరుకు బయలుదేరినాడు. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతమున, శ్రీనగరుకు సుమారు 70 కిలోమీటర్ల దూరములో నున్న ఖాజీగుండ్ వద్ద పోలీసులు దారిలో ఆపి అరెస్టు చేసినారు. అంతకు రెండు రోజుల ముందు చేసిన ఒక ప్రసంగము నేరమట. ఎక్కడికి తీసుకుపోయినారో ఇంటివారికి తెలియదు. భార్య జయమాల సుప్రీంకోర్టులో హేబియస్ కార్పస్ పిటిషన్ వేసినది. భర్త ఎక్కడున్నాడో తెలుపవలసినదిగా కోర్టు పోలీసు ఉన్నతాధికారిని ఆదేశించిన తరువాత గాని కథ బయటపడలేదు.

ఆ కథ ఏమనగా, సెప్టెంబరు 11న ఒక మేజిస్ట్రేటు నుండి రెండు రోజుల రిమాండు, 13న ఒక సబ్ జడ్జి నుండి మరొక రోజు రిమాండు పోలీసులు సంపాదించినారు. రెండు సార్లును ముద్దాయిని వారి యెదుట హాజరు పరచలేదు. కాగితము మాత్రము వెళ్ళినది, మనిషి వెళ్ళలేదు. సంతకము పెట్టిన వారు మనిషి ఏడీ అని అడుగలేదు. సెప్టెంబరు 16న ఆయన బెయిలుపై విడుదల అయినాడు.

మనిషి విడుదల అయినాడు కనుక పిటిషన్‌తో ఇక పని లేదని కోర్టు అనవచ్చును. "పోనీలే తమ్ముడూ" అని మేమన్న మాట అటువంటిదే. కాని జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, జస్టిస్ వి. ఖాలిద్‌ల ధర్మాసనము అట్లు అనలేదు. తలుపులు తెరచినంత మాత్రాన జరిగిన అన్యాయము కడిగివేయబడదని భావించి, 1985 నవంబరు 22న యిచ్చిన తీర్పులో రూ. 50,000 పరిహారము చెల్లించవలసినదిగా రాష్ట్ర ప్రభుత్వమును ఆదేశించినది. చిన్నప్పరెడ్డి గారు మన తెలుగువారని గుర్తు చేసుకొనుట మనకు గర్వకారణము.

ఆ తీర్పులో కార్మికులు గమనింపదగిన మరొక అంశమున్నది. అరెస్టు చేసిన పోలీసు అధికారి, రిమాండు తెచ్చిన అధికారి నిచ్చెనలో క్రింది మెట్టువారని, అసలు బాధ్యత పైనెక్కడనో ఉన్నదని కోర్టు అభిప్రాయపడినది. మన వైఖరియు ఇదే కావలెను. నడిరాత్రి రోడ్డుమీద నిలబడిన కానిస్టేబులు కూడ సెలవు దొరకని ఉద్యోగియే. అతనితో మనకు వైరము లేదు. లెక్క చెప్పనక్కరలేని అధికారముతోనే మన పోరాటము.

మిత్రులారా, ఇక్కడ మీరొక ప్రశ్న వేయవచ్చును. ఆయన శాసనసభ్యుడు. ఆయన కొరకు సుప్రీంకోర్టు తలుపు తట్టగలవారు ఉన్నారు. గ్యాంగ్‌మన్‌కు ఎవరున్నారు? న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు మన తపాలా సోదరులు మోసిన సంచులలోనే ఉన్నది.

ఒరిస్సా రాష్ట్రము సుందర్‌గఢ్ జిల్లాలో నీలబతి బెహరా అను తల్లి ఉండెను. 1987 డిసెంబరు 1న ఆమె కుమారుడు, 22 ఏండ్ల సుమన్ బెహరాను పోలీసులు ఇంటి నుండి తీసుకుపోయినారు. మరునాడు అతని శవము రైలు పట్టాలపై కనిపించినది. రాత్రి తాడు కొరికి తప్పించుకొనిపోయి రైలు క్రింద పడినాడని పోలీసుల వాదన. ఆ తల్లి 1988 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరము వ్రాసినది. కోర్టు ఆ ఉత్తరమునే రిట్ పిటిషన్‌గా స్వీకరించినది. గాయములలో కొన్ని రైలు వలన కలిగినవి కావని, లాఠీ వంటి ఆయుధముల దెబ్బలని వైద్యుని సాక్ష్యము. ఉదయము శవమును చూచినవారు రైల్వే కార్మికులు. పోలీసులు అక్కడికి చేరినది చాల ఆలస్యముగా. తప్పించుకొన్న ముద్దాయి కొరకు వెదకినవారు ఇట్లు ఆలస్యము చేయుదురా అన్న శంకకు ఇది బలము చేకూర్చినది. 1993 మార్చి 24న కోర్టు ఆ తల్లికి రూ. 1,50,000 పరిహారము ఇప్పించినది. పౌరుని ప్రాథమిక హక్కులను కాలరాచినపుడు సార్వభౌమాధికారము పేర ప్రభుత్వము తప్పించుకొనజాలదని తేల్చి చెప్పినది.

రెండవ ఉత్తరము పశ్చిమ బెంగాలుది. 1986 ఆగస్టులో అక్కడి న్యాయ సహాయ సంస్థ అధ్యక్షుడు డి.కె. బసు లాకప్ మరణముల గురించి ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాసినాడు. ఆ లేఖపై పది సంవత్సరముల విచారణ అనంతరము, 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చినది. అరెస్టు చేయువారు తమ పేరు, హోదా తెలుపు గుర్తింపు పట్టీ ధరించవలెను. అరెస్టు చేసిన తేదీ, సమయముతో మెమో వ్రాయవలెను. దానిపై ఒక సాక్షి, అరెస్టయిన వ్యక్తి సంతకములు చేయవలెను. బంధువునకో మిత్రునకో కబురు అందవలెను. ఆ బంధువు వేరొక జిల్లాలో ఉన్నచో 8 నుండి 12 గంటలలోగా తంతి ద్వారా తెలుపవలెనని కోర్టు ఆనాడు వ్రాసినది. 2013 జులైలో మన దేశములో తంతి సేవ ముగిసినది. తంతి పోయినది కాని కబురు పంపవలసిన బాధ్యత పోలేదు.

చట్టము ఏమి చెప్పుచున్నదో ఇప్పుడు చూతము. అనుమానము కలిగినపుడు పోలీసు ప్రశ్నించుటను మనము తప్పు పట్టము. రైలు పట్టాల రక్షణ, తపాలా సంచుల రక్షణ మనకును కావలెను. కాని ప్రశ్నించుట వేరు, నిర్బంధించుట వేరు. ఇష్టము లేని వానిని కదలనీయక స్టేషనులో ఉంచినచో, కాగితముపై ఏమి వ్రాసినను, అసలేమియు వ్రాయకున్నను, అది నిర్బంధమే. అరెస్టు చేయు అధికారము ఉండుట ఒకటి, చేయుటకు తగిన కారణము ఉండుట మరొకటి అని 1994లో జోగిందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. రాజ్యాంగము 22వ అధికరణము ప్రకారము అరెస్టుకు కారణము చెప్పవలెను, న్యాయవాదిని సంప్రదించనీయవలెను, ప్రయాణ కాలము మినహాయించి 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరచవలెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 47వ సెక్షను కారణము తెలుపుట గురించి, 48వది బంధువులకు తెలుపుట గురించి, 58వది 24 గంటల గడువు గురించి చెప్పుచున్నవి. కారణము తెలుపనిచో అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

దారిలో నిలుపుట నేడు క్రొత్త రూపము కూడ దాల్చినది. 2021 మే నెలలో, కరోనా లాక్‌డౌన్ కాలమున, హైదరాబాదులో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు వీధిలో ఆపి, మాస్కు తీయించి, అతని అనుమతి లేకుండ ఫోటో తీసికొన్నారని ఆరోపణ. ఆ ఫోటో ఎందుకు, ముఖమును గుర్తుపట్టు యంత్రములో దానిని ఏమి చేయుదురు, ఏ చట్టము క్రింద అని ఆయన ప్రశ్నించి తెలంగాణ హైకోర్టుకు వెళ్ళినాడు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వమునకు నోటీసు ఇచ్చినది. అతనిని ఎవరును కొట్టలేదు, లాకప్‌లో వేయలేదు. అయినను ఆయన "పోనీలే" అనలేదు.

ఉద్యోగులమైన మనకు ఇందులో అదనపు ప్రమాదమున్నదని మరువరాదు. నిర్బంధము 48 గంటలు దాటినచో సస్పెండైనట్లే లెక్క. తపాలా ఉద్యోగులకు 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నిబంధనలలో 10వ నిబంధన, రైల్వే వారికి 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలలో 5వ నిబంధన ఈ మాట చెప్పుచున్నవి. అనగా ఆధారము లేని అరెస్టు కూడ మన ఇంటి పొయ్యి మీదికి రాగలదు. 1974 మే సమ్మెలో వేలాది రైల్వే కార్మికులు జైళ్ళకు పోయిన చరిత్ర మనది. ఆ మరుసటి సంవత్సరము అత్యవసర పరిస్థితి వచ్చినది. 1976 ఏప్రిల్ 28న, అక్రమ నిర్బంధమును ప్రశ్నించు హక్కే ఆ కాలములో లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించినారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును త్రోసిపుచ్చినది. ఒంటరి గొంతు నిలుచుటకు నలుబది ఏండ్లు పట్టినది.

కనుక శాఖా కార్యదర్శులకు మా సూచనలు ఇవి. సభ్యుడు నిర్బంధములో ఉన్నాడని తెలియగానే, ఏ వేళయైనను, ఇద్దరు వెళ్ళవలెను. ఒక్కరు వెళ్ళరాదు. మర్యాదగా మాట్లాడవలెను. ఎప్పుడు తెచ్చినారు, ఎందుకు తెచ్చినారు, మెమో వ్రాసినారా అని అడిగి, జవాబును అక్కడికక్కడే గంటతో సహా వ్రాసుకొనవలెను. గాయములున్నచో వైద్య పరీక్ష కోరవలెను. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలుపవలెను. అరెస్టు జరిగినచో పై అధికారికి సభ్యుడే స్వయముగా వ్రాతపూర్వకముగా తెలుపునట్లు చూడవలెను, దాచినచో అదియే మరొక అభియోగమగును. విడుదల అయిన మరునాడే పోలీసు ఉన్నతాధికారికి స్పీడు పోస్టులో ఫిర్యాదు పంపి రసీదు భద్రపరచవలెను. రసీదు విలువ మనకు ఇతరులు చెప్పనక్కరలేదు.

ప్రతి కేసును కోర్టుకు తీసుకుపోగలమని మేము చెప్పము. కోర్టు దూరము, ఖర్చు ఎక్కువ, కాలయాపన ఇంకను ఎక్కువ. కాని కాగితము లేనిదే ఏ కేసును నిలువదు. కోర్టుకు పోవుట, పోకుండుట సభ్యుడు నిర్ణయించుకొనవలెను. పోదలచినచో చేతిలో కాగితము ఉండునట్లు చేయుట సంఘము బాధ్యత. ఆ గ్యాంగ్‌మన్ విషయములో మేము ఒక్క వాక్యమైనను వ్రాసి పెట్టలేదు. అందువలననే ఈనాడు అతనికి న్యాయము చేయు దారి మాకు మిగులలేదు.

అతడు పదవీ విరమణ చేసినాడు. ఈ మధ్య ఒక పింఛనుదారుల సభలో కనిపించినాడు. ఆ సంగతి మేము ఎత్తగానే నవ్వి, "మీకింకా గుర్తున్నదా అన్నా?" అన్నాడు. మాకు గుర్తున్నది. అతడు మరువలేదని ఆ నవ్వే చెప్పినది. ఒకనాటి జీతము తిరిగి ఇప్పించుట సంఘము పనియైనచో, ఒక రాత్రి పోయిన మర్యాదను తిరిగి అడుగుట కూడ సంఘము పనియే. రేపు మరొక సభ్యుడు మీ గడపలో నిలబడి అదే ప్రశ్న వేయును. అప్పుడు "పోనీలే" అనక కుర్చీ వేసి, కాగితము తీయండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి.