నేతగాళ్ల ఊరు లైడెన్

(కోసాడ్‌లో జరిగిన మన బ్యాంకు తెలుగు కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



హాలండు కబుర్లు చెప్పమన్నారు. ముందుగా ఒక అనుమానం తీర్చేస్తాను. ఎల్‌ఎఫ్‌సీ మీద వెళ్లలేదు! మా చిన్నమ్మాయి లైడెన్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతోంది. నేనూ మా ఆవిడా ఏప్రిల్‌లో సొంత ఖర్చుతో వెళ్లి పది రోజులు ఉండి వచ్చాం. తులిప్ తోటల ఫోటోలు మా ఆవిడ ఫోనులో ఉన్నాయి, భోజనాల దగ్గర చూపిస్తుంది. నేను మాత్రం ఆ ఊరి నేతపని గురించి చెబుతాను. మా నాయన నల్లగొండ జిల్లా నుంచి సూరత్ వచ్చి ముప్పై ఏళ్లు సాంచాల మీద పనిచేశాడు. మీలో చాలామంది ఇళ్లలో అదే కథ.

లైడెన్‌లో మిడెల్‌స్టేఖ్రాఖ్ట్ అనే వీధిలో ఒక చిన్న ఇల్లుంది. 1560 ప్రాంతంలో కట్టిన నేతగాడి ఇల్లు. ఇప్పుడు మ్యూజియం. లోపలికి అడుగు పెడితే ముందు గదంతా మగ్గమే, మనిషి పక్కకు తిరిగి నడవాలి. పడుగు, పేక, నాడె, కండెలు, అన్నీ మనవే. మనలాగా గుంట మగ్గం మాత్రం కాదు. ఆ ఊళ్లో గుంట తవ్వితే కాళ్లకు నీళ్లు తగులుతాయని మా ఆవిడ నవ్వింది. మగ్గానికి ఇంట్లో సగం చోటు వదిలేసి, మిగిలిన సగంలో సంసారం చేయడం మా తాత ఇంట్లో చూశాను. వేల కిలోమీటర్ల దూరంలో మళ్లీ అదే చూడటంతో కాసేపు మాట రాలేదు.

అక్కడివాళ్లది ఉన్ని బట్ట. పదహారో శతాబ్దం చివర ఫ్లాండర్స్ ప్రాంతంలో యుద్ధం, మతహింస భరించలేక వేలమంది నేతగాళ్లు కుటుంబాలతో లైడెన్‌కు వలస వచ్చారు. చేతిలో పని తప్ప ఏమీ లేదు. వాళ్ల చేతి పనితోనే పదిహేడో శతాబ్దంలో ఆ ఊరు ఐరోపాలో పెద్ద ఉన్నిబట్టల కేంద్రాల్లో ఒకటైంది, హాలండులో ఆమ్‌స్టర్‌డామ్ తర్వాత రెండో నగరమైంది. 1640లో బట్టల తనిఖీకి ‘లాకెన్‌హాల్’ అని ఒక భవనం కట్టారు. నేసిన తానును అక్కడికి తెచ్చి పరీక్ష చేయించాలి. నాణ్యత సరిగ్గా ఉంటే సీసపు ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఉంటే దూరదేశపు వ్యాపారి కూడా బట్ట విప్పి చూడకుండా కొనేవాడట. మన బంగారం మీద హాల్‌మార్క్ లాంటిదే. బ్యాంకువాణ్ని కాబట్టి నాకు ఆ సీసపు బిళ్లల దగ్గరే ఎక్కువసేపు పట్టింది.

అదే భవనంలో, ఇప్పుడది మ్యూజియం, ఐసాక్ వాన్ స్వానెన్‌బర్గ్ గీసిన పెద్ద చిత్రాలున్నాయి. రాజులు, దేవతలు కాదు, ఉన్ని దువ్వేవాళ్లు, నూలు వడికేవాళ్లు, నేసేవాళ్లు, అద్దకం వేసేవాళ్లు. ఈయన కొడుకే రెంబ్రాంట్‌కు మొదటి గురువు. రెంబ్రాంట్ ఆ ఊరివాడే, 1606లో ఒక మరవాడి ఇంట పుట్టాడు. మా నాయన లక్షల మీటర్ల బట్ట నేశాడు, సాంచా ముందు నిలబడ్డ ఫోటో ఒక్కటీ మా దగ్గర లేదు.

ఇక విశ్వవిద్యాలయం సంగతి. 1574లో స్పెయిన్ సైన్యం నెలల తరబడి లైడెన్‌ను ముట్టడించింది. తిండి లేక, రోగాలతో వేలమంది చనిపోయారు. కాపాడటానికి వేరే దారి లేక డచ్చివాళ్లే కట్టలు తెగ్గొట్టారు. చుట్టూ ఉన్న పొలాలన్నీ మునిగాయి. ఆ నీటి మీద అడుగు చదునైన పడవల్లో రొట్టె, హెర్రింగ్ చేపలు తెచ్చి అక్టోబరు 3న ఊరిని విడిపించారు. ఇప్పటికీ ఏటా ఆ రోజు అవే పంచుతారు. తర్వాత విలియమ్ ప్రభువు, “పన్నుల మాఫీ కావాలా, విశ్వవిద్యాలయం కావాలా?” అని అడిగితే ఊరివాళ్లు విశ్వవిద్యాలయమే అడిగారని చెప్పుకుంటారు. అది కథే, రుజువు లేదు. 1575 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయం మొదలైన మాట మాత్రం నిజం.

ఈ ప్రశ్న నేను మన బ్రాంచిలో విన్నాను. సాంచాల మీద పనిచేసే ఒకాయన నా బల్ల ముందు కూర్చుని, “సార్, ఉన్న డబ్బుకు కొంత అప్పు కలిపి ఇంకో మిషన్ కొననా, అమ్మాయిని ఇంజినీరింగ్‌లో చేర్పించనా?” అన్నాడు. మిషన్ కొంటే మరుసటి నెల నుంచే మీటరు లెక్కన డబ్బు వస్తుంది. చదువుకు నాలుగేళ్లు ఆగాలి, ఆ తర్వాత కూడా గ్యారంటీ లేదు. విద్యారుణం వివరాలు చెప్పాను, చదువు పూర్తయ్యాక ఏడాది వరకు వాయిదాలుండవని చెప్పాను. నా ఉద్దేశం అడిగితే చదువే అన్నాను. మా నాయన నన్ను సాంచా దగ్గరకు రానివ్వలేదు కాబట్టే ఆ కుర్చీలో కూర్చున్నానని కూడా చెప్పాను. ఆయన ఇంకా తేల్చుకోలేదు.

ఊరు దాటితే పొలాలు, కాలువలు, ఆవులు. పొలం కన్నా కాలువ నీరు ఎత్తులో ఉండటం మొదటిసారి చూస్తే గుండె జల్లుమంటుంది. మనం విమానం దిగే స్కిపోల్ కూడా ఒకప్పటి పెద్ద సరస్సు అడుగే. 1852 నాటికి ఆవిరి యంత్రాలతో ఆ నీళ్లు తోడేశారు. ఈ నీళ్లను చూసుకోవడానికి లైడెన్‌లో రైన్‌లాండ్ నీటి బోర్డు ఉంది. 1255 నాటికే దాని ప్రస్తావన కనిపిస్తుంది. జనం దానికి విడిగా పన్ను కడతారు, విడిగా ఓటేసి సభ్యులను ఎన్నుకుంటారు. 2006 ఆగస్టులో ఉకాయ్ నీళ్లు సూరత్‌ను ముంచినప్పుడు మేడ మీద రాత్రులు గడిపినవాళ్లు ఇక్కడ ఉన్నారు. అలాంటి పన్ను మనల్ని అడిగితే కడతామా? నేనైతే కడతాను.

అన్నట్టు ఆ పల్లెల్లో లైడెన్ చీజ్ అని చేస్తారు, జీలకర్ర వేసి. మా ఆవిడ మొత్తం ప్రయాణంలో మెచ్చుకున్న తిండి అదొక్కటే.

సూరత్‌కూ ఆ ఊరికీ ఇంకో ముడి ఉంది. లైడెన్ విశ్వవిద్యాలయానికి 1590లో మొదలైన వృక్షశాస్త్ర ఉద్యానవనం ఉంది. కేరళ మొక్కల గురించి హెన్‌డ్రిక్ వాన్ రీడ్ అనే డచ్చి అధికారి ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడితో పాటు ఎందరో స్థానికుల సాయంతో ‘హోర్టస్ మలబారికస్’ అనే పన్నెండు సంపుటాల గ్రంథం తయారుచేయించాడు. మొదటి సంపుటానికి వ్యాఖ్యలు రాసింది లైడెన్ ఆచార్యుడు ఆర్నోల్డ్ సైయన్. ఆ వాన్ రీడ్ 1691 డిసెంబరులో ఓడలోనే కన్నుమూశాడు. సమాధి ఎక్కడో తెలుసా? మన కతార్‌గాంలో, డచ్చి శ్మశానంలో. అమ్రోలీ వంతెన దాటితే వచ్చేస్తుంది. పెద్ద గుమ్మటం, దూరం నుంచే కనిపిస్తుంది.

వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్దామనుకుంటున్నాం. ఎండెక్కక ముందే, ఏడున్నరకు బ్రాంచి ముందు కలుసుకుందాం. నీళ్ల సీసాలు తెచ్చుకోండి. ఉప్మా మా ఆవిడ చేస్తానంది.