లాల్‌బాగు తోట – అందు ఏటేట జరుగు ప్రదర్శనములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



మహాకావ్యమునకు అష్టాదశ వర్ణనములు ఉండవలెనని లాక్షణికులు నియమించిరి. వానిలో ఉద్యానవిహారము ఒకటి. అందుచేత మన ప్రబంధములలో తోట లేని పురము కానరాదు. ఐతే ఆ తోటలు ఎవ్వరివి? రాజువి, కాకున్న రాజపుత్రికవి. చెలికత్తెలు పూవులు కోయుదురు. నాయిక చిగురాకుల పాన్పుపై పొరలుచు చంద్రుని నిందించును. పాదునకు నీరు పోసినవాడెవడు, ఆ విత్తనము ఏ దేశమునుండి వచ్చెను అను ప్రశ్న అచట పుట్టదు. ఊరివారు ఆ ప్రాకారము దాటి లోనికి పోవుట యన్న మాటయే లేదు. ఇది కవుల దోషము కాదు. ఆనాటి తోటలే అట్టివి.

అట్టి రాజోద్యానమొకటి ప్రజల తోటగా మారిన విధమును, అచట ఏటేట జరుగుచు ఇకముందును జరుగనున్న ప్రదర్శనములను గూర్చి ఈ సభలో ముచ్చటించుట సముచితము. ఆ తోట మనకు దూరము కాదు. హిందూపురమున రైలెక్కినవారు పూట గడువకముందే చేరదగిన బెంగుళూరునందలి లాల్‌బాగు అది. మన సీమవారు ఆ నగరమునకు చింతపండు కొనిపోవుదురు, పూలబుట్టలు కొనిపోవుదురు, ఆసుపత్రులకు పోవుదురు, బిడ్డలను కొలువులకు పంపుదురు. లాల్‌బాగు ద్వారము ముందుగా నూరుమారులు నడచినవారిలో లోనికి పోయినవారు కొందరు. పోయినవారిలో చూడవలసినది చూచి వచ్చినవారు మిక్కిలి కొందరు.

ఈ తోటకు ఆద్యుడు హైదరలీ. 1760 ప్రాంతమున అతడు దీనిని 40 ఎకరముల మేర వేయించెను. మన మడకశిరకు పొరుగుననున్న శిర పట్టణమున మొగలు సుబేదారుల కాలపు ఉద్యానమొకటి ఉండెననియు, దానిని చూచియే అతనికి ఈ సంకల్పము కలిగెననియు చెప్పుదురు. కొడుకు టిప్పు సుల్తాను పరదేశములనుండి విత్తనములను, మొక్కలను తెప్పించి నాటించెను. 1799లో టిప్పు పతనమైన పిదప తోట చేతులు మారి, తుదకు 1856లో ప్రభుత్వోద్యానముగా స్థిరపడెను. నేడు దాని విస్తీర్ణము 240 ఎకరములు. అందొక చెరువు కలదు. కెంపెగౌడ కాలపు గోపురము గల గుండొకటి కలదు. ఆ రాతి వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. హైదరు, టిప్పు, ఆంగ్లేయులు, అందరును ఆ గుండు ముందు నిన్నటివారే.

రాజులు తోట వేయుట వింత కాదు. ఆ తరువాతి కాలమున తోటపనినే శాస్త్రముగా సాగించినవారు వచ్చుట విశేషము. 1874 మొదలు 1908 వరకు జాన్ కెమరన్ అనునతడు ఇచట అధికారిగా ఉండెను. పరదేశపు మొక్కలను తెచ్చి, వానికి ఈ నేల, ఈ గాలి పట్టునో పట్టదో పరీక్షించి, పట్టినవానిని రైతుల కిచ్చుట అతని పని. మన ఇండ్లలో బెంగుళూరు వంకాయ అని వండుకొనునది అట్లు వచ్చినదే. అది వంకాయ కాదు, గుమ్మడి కుటుంబములోని తీగకాయ. జన్మస్థానము మెక్సికో ప్రాంతము. సీమనుండి వచ్చినది గనుక సీమవంకాయ యనియు, బెంగుళూరు తోటనుండి వ్యాపించినది గనుక బెంగుళూరు వంకాయ యనియు పిలుచుచున్నాము. లాల్‌బాగు మొగము చూడని గృహిణి కూడ దాని ఫలమును కూరలో వేసి వడ్డించుచున్నది.

గ్లాస్ హౌస్ అని ప్రసిద్ధికెక్కిన గాజుమేడయు కెమరన్ కాలపుదే. 1889 నవంబరు 30వ తేదీన ఆంగ్ల రాజకుమారుడు ఆల్బర్ట్ విక్టర్ దానికి పునాదిరాయి వేసెను. లండన్ నగరములోని స్ఫటిక సౌధమును చూచి ఇనుప కంబములతో, గాజు పలకలతో దీనిని నిర్మించిరి. ఒజ్జబంతియైన ఆ లండన్ సౌధము 1936లో అగ్నికి ఆహుతియయ్యెను. దానిని చూచి కట్టినది మాత్రము నిలిచియున్నది.

కెమరన్ అనంతరము 1908లో వచ్చిన క్రుంబీగల్ జర్మను దేశీయుడు. 1932 వరకు ఆ పదవిలో ఉండెను. బెంగుళూరు వీథులలో ఒక జాతి వృక్షముల పూత ముగియునప్పటికి మరియొక జాతి పూతకు వచ్చునట్లు చెట్లను ఏర్చి నాటించిన యోచన ఆయనదే. అతని తరువాత జవరాయ, 1951 నుండి మరిగౌడ మొదలగు స్వదేశీయులు ఆ పనిని ముందునకు నడపిరి. ఈ పేర్లు మనవారికి తెలియవు. రాజుల పేర్లు మాత్రము పిల్లలకు కంఠస్థము.

ఇక ప్రదర్శనముల సంగతి. 1912లో మైసూరు ఉద్యాన సంఘము ఏర్పడెను. ఏటికి రెండు పర్యాయములు, అనగా జనవరిలో గణతంత్ర దినోత్సవమునకును, ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవమునకును గాజుమేడలో పుష్పప్రదర్శనము జరుగుట నేటి ఆచారము. ఒక్కొక్కటి పది పండ్రెండు దినములు సాగును. 2025 ఆగస్టునాటిది 218వ ప్రదర్శనము. మహమ్మారి కారణముగా 2020 జనవరి తరువాత రెండున్నర సంవత్సరములు ఆగి, 2022 ఆగస్టులో మరల మొదలయ్యెను. కావున ఇకముందు పోదలచినవారు తేదీలకై పంచాంగము వెదకనక్కరలేదు. సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఒకటి, శ్రావణమాసపు ప్రాంతమున ఒకటి అని గుర్తుంచుకొని, పత్రికలో ప్రకటన వచ్చినంతనే బయలుదేరవలెను.

ప్రతి ప్రదర్శనమునకు ఒక మూలవస్తువు ఉండును. దానిని లక్షల పూవులతో రూపు కట్టి గాజుమేడ నడుమ నిలుపుదురు. 2023 ఆగస్టులో కెంగల్ హనుమంతయ్య, విధానసౌధము. 2024 జనవరిలో బసవేశ్వరుడు, వచన సాహిత్యము. అదే యేడు ఆగస్టులో అంబేద్కరు మహాశయుడు. 2025 జనవరిలో వాల్మీకి మహర్షి. ఆగస్టులో కిత్తూరు చెన్నమ్మ, సంగొళ్లి రాయన్న. పుస్తకము పట్టని జనులకు ఆదికవిని, వచనకారులను పూలతో పరిచయము చేయుట మెచ్చదగినదే. ఐనను జనసమ్మర్దమంతయు ఆ పూలబొమ్మ చుట్టునే మూగి, దాని ముందు నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని, అంతటితో ప్రదర్శనము చూచితిమని తిరిగి వచ్చుచున్నది. ఇది పుస్తకము అట్ట చూచి చదివితిననుటతో సమానము. కొందరు కొమ్మలు కూడ విరుచుచున్నారు. హనుమంతుడు అశోకవనమును భంగము చేసినది స్వామికార్యార్థము. వీరు విరుచుట ఏ కార్యార్థమో చెప్పువారు లేరు.

చూడవలసినది ఆ బొమ్మకు వెలుపల ఉన్నది. కుండీలలో వరుసలు తీర్చిన పూలజాతులు, బోన్సాయి వృక్షములు, కూరగాయలను చెక్కి చేసిన శిల్పములు, జపానువారి పుష్పవిన్యాసము, ఇవన్నియు పోటీలకు వచ్చినవి. ఇండ్లలోను, సంస్థలలోను తోటలు పెంచినవారికి కూడ పోటీలు పెట్టి బహుమానము లిత్తురు. అంగళ్లలో విత్తనములు, మొక్కలు, పనిముట్లు అమ్ముదురు. అడిగినచో సమాధానము చెప్పువారుందురు. ఈ భాగమున సమ్మర్దము తక్కువ. మన రైతునకు పనికివచ్చునది ఈ భాగమే.

వానకు మొగము వాచిన మన సీమకు పూలతో ఏమి పని యని ఆక్షేపించువారు కలరు. వారు మన పొలముల వంక చూడవలెను. బావి క్రింద అర యెకరమున్న రైతు బంతియో, చామంతియో, కనకాంబరమో వేయుచున్నాడు. తెల్లవారుజామున బుట్టలు బెంగుళూరు అంగడి చేరుచున్నవి. ధర పలికిన దినమున పండుగ, పలుకని దినమున బాడుగ కూడ చేతినుండి పోవును. తాను పెంచు చామంతి ఏ రకము, దానికన్న కోసిన తరువాత ఎక్కువ నాళ్లు వాడక నిలుచు రకము కలదా, మొగ్గకు పట్టు తెగులునకు మందేమి? ఈ ప్రశ్నలకు ఆ రైతు దళారిని అడిగి ప్రయోజనము లేదు. పెంచినవాడు ప్రక్కన నిలిచియుండగా మొక్కను చూచి అడుగగల చోటు ఆ ప్రదర్శనము. ఒక దినపు కూలి, దారి ఖర్చు అందుకు వెచ్చించుట దుబారా కాదు.

ఏ ప్రదర్శనమునకు పోవలెనను విచారమును ఇచటనే తీర్చుకొనవచ్చును. ఆగస్టులో వేరుసెనగ చేలలో కలుపు ఉండును, వాన వచ్చునో రాదో అను ఎదురుచూపు ఉండును. అప్పుడు రైతు ఊరు విడుచుట కష్టము. జనవరిలో కోతలు ముగిసి చేతిలో నాలుగు రూకలు, మనస్సున కొంత తీరిక ఉండును. చలికి పూలరంగులును గాఢముగా ఉండును. కావున కృషీవలులకు జనవరి, నగరమున కొలువులోనున్న పిల్లలకు ఆగస్టు అనుకూలము.

మామిడితోటలు గలవారికి మరియొక అవకాశము కలదు. సాధారణముగా మే, జూన్ మాసములలో లాల్‌బాగునందే మామిడి మేళా జరుగును. కర్ణాటక మామిడి అభివృద్ధి సంస్థ దీనిని జరుపుచున్నది. కోలారు మండలమున శ్రీనివాసపురము మొదలగు తావుల రైతులు తమ పండ్లను తామే తెచ్చి అమ్ముకొందురు. వారిలో తెలుగు మాటాడువారు పెక్కురు. కారము వేసి మాగించిన పండు అచట చెల్లదు. తూకము వేయువాడు, సొమ్ము పుచ్చుకొనువాడు పండించినవాడే. మండీలో తన పంటకు ధరను మరియొకడు తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టి నిర్ణయించుచుండగా చూచుచు నిలుచుటకు అలవాటుపడిన రైతునకు, తానే ధర చెప్పి అమ్ముట యనగా ఏమో ఆ మేళాలో ఒక గంట నిలిచినచో తెలియును. మనకు సొంతముగా అట్టి మేళా ఏల లేదని అడుగుటకు ముందు అది ఎట్లు జరుగుచున్నదో చూచి వచ్చుట మంచిది.

ప్రదర్శనములు లేని దినములలో తోట మూగవోవునని తలపరాదు. పెద్ద వృక్షములకు పేర్ల పలకలు కట్టియున్నవి. పేరు చదివి చెట్టును చూచుట ఒక విద్య. వీథులలో నిటారుగా పెరుగు నరమామిడిని అశోకమని పిలుచుచు, కావ్యములోని అశోకమిదియే యని భ్రమించువారు పండితులలోను కలరు. సుందరి పాదము సోకినచో అశోకము పూచుననియు, పుక్కిలించిన మధువుచే పొగడ పూచుననియు కవులు దోహదములు చెప్పిరి. తోటమాలి దోహదము వేరు. పెంట, నీరు, కత్తెర. కవిత్వమును ప్రేమించువారు ఈ రెండవ దోహదమును కూడ తెలిసికొనినచో కవిత్వమునకు లోటు రాదు.

గ్రంథాలయ పక్షమున రాబోవు జనవరి ప్రదర్శనమునకు పాఠశాల పిల్లలను, కొందరు రైతులను పంపవలెనని సూచన. 2025 ప్రదర్శనములలో పెద్దలకు ప్రవేశరుసుము మామూలు దినములలో 80 రూపాయలు, సెలవులలో 100 రూపాయలు, పిల్లలకు 30 రూపాయలు. పాఠశాల దుస్తులలో వచ్చిన పిల్లలను పనిదినములలో ఉచితముగా లోనికి విడుచుచున్నారు. కావున ఆదివారము పోరాదు. గణతంత్ర దినమున అసలే పోరాదు, ఆనాడు జనుల వీపులు తప్ప పూలు కానరావు. మంగళ, బుధవారములలో ప్రొద్దున తొమ్మిది గంటలకే ద్వారము కడ ఉండవలెను. మెట్రో రైలు లాల్‌బాగు పేరనే నిలుచును. మొదట గాజుమేడ, తరువాత పోటీలు, అంగళ్లు. ఎండ ముదిరిన పిమ్మట చెట్ల క్రిందికి పోయి పేర్ల పలకలు చదువవలెను. ప్రతి బిడ్డ చేతిలో ఒక పుస్తకము, పెన్సిలు ఉండవలెను. ఇరువది చెట్ల పేర్లు, వాని ఆకు ఆకారము, జన్మదేశము వ్రాసికొని వచ్చిన బిడ్డ పుస్తకమును ఈ గ్రంథాలయపు బల్లపై నెలదినములు ఉంచవలెను. ఆహారము ఇంటినుండియే కట్టుకొని పోవలెను. మూడు గంటలకు బయలుదేరినచో చీకటి ముదురకమునుపే హిందూపురము చేరవచ్చును.