కోసిన పైసలకు లెక్క చెప్పుండ్రి

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత కార్మికుల సమావేశంలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)



జీతంలో ఇ.ఎస్.ఐ. కోత ఉండాల్నా వద్దా అనే దాని మీద మాట్లాడమన్నారు. ఉత్తగ మాట్లాడితే లాభం లేదని మేము ముందుగాల షెడ్ల గేట్ల దగ్గర, రోడ్లు ఊడ్చే అక్కల దగ్గర, తుర్కపల్లి దిక్కు కంపెనీల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళ దగ్గర తిరిగి అడిగినం. ఎక్కువమంది చెప్పిన మాట ఒక్కటే: "మా పైసలు మాకియ్యుండ్రి."

ఎందుకంటున్నారో కూడా చెప్పారు. ఒక పిలగాడు, "నాకేం రోగం లేదు, ఎవని కోసం కోస్తరు?" అన్నడు. ఒక అక్క, "సనత్‌నగర్ పోయి లైన్ల నిలబడితే ఒక రోజు కూలి పాయె, బస్సు ఖర్చు పాయె. గా గోలీలు మా ఊరి మెడికల్ షాపుల యాభై రూపాయలకే వస్తయి" అన్నది. శామీర్‌పేట నుంచి అయితే సికింద్రాబాద్ పోయి బస్సు మారాలె. ఇంకో పెద్దాయన, "నాలుగేండ్ల సంది కోస్తున్నరు, ఇప్పటిదాక కార్డు మొహం చూడలె" అన్నడు. ఈ మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఇంగ్లీషు చదువుకున్న బాబులు "కార్మికులకు అవగాహన లేదు" అని రాస్తుంటారు. అవగాహన లేక కాదు, అనుభవం ఉంది కాబట్టే మనవాళ్ళు కోత వద్దంటున్నారు.

అయినా మేము కోత వద్దనే మాటతో ఏకీభవించం. ఎందుకో వినండి.

ముందు లెక్క చూద్దాం. 2019 జూలై 1 నుంచి ఇ.ఎస్.ఐ.కి మన వాటా నూటికి ముప్పావు రూపాయి. యజమాని వాటా మూడుంబావు. పన్నెండు వేల జీతగాడికి నెలకు 90 రూపాయలు పోతయి, యజమాని 390 కట్టాలె. అంటే మన తొంభై వద్దని చెప్పుడంటే, యజమాని మూడువందల తొంభై మాఫీ చేసుడు. కోత రద్దయితే సంబరపడేది మనం కాదు, గుత్తేదారు.

ఇక్కడనే అసలు దొంగతనం ఉంది. కొన్నిచోట్ల మేము చీటీలు చూసినం. కోత 90 లేదు, 480 ఉంది! రెండు వాటాలూ కూలోని మెడకే కట్టిండ్రు. పనికి పెట్టుకునేటప్పుడే "పీఎఫ్, ఇ.ఎస్.ఐ. పోను ఇంత" అని చెప్పి నోరు మూయించిండ్రు. 1948లో చట్టం చేసిన నాటి నుంచీ యజమాని వాటాను కూలిలోంచి కోయడం నేరం. మనిషి ఒప్పుకొని సంతకం పెట్టినా చెల్లదు. వందమందిని పెట్టుకున్న గుత్తేదారు ఇట్ల కోస్తే నెలకు ముప్పై తొమ్మిది వేలు, ఏడాదికి నాలుగు లక్షల అరవై ఎనిమిది వేలు మింగినట్టు. వెట్టి నాడు దొర దగ్గర లెక్క లేకుండె. ఇప్పుడు లెక్క ఉంది గని పుస్తకం వాని చేతిల ఉంది.

రెండో సంగతి. మనవాళ్ళందరూ ఇ.ఎస్.ఐ. అంటే గోలీలిచ్చే దవాఖాన అనుకుంటున్నారు. ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఇదెందుకు అంటున్నారు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ చేయిస్తది, నిజమే. ఆపరేషనయి రెండు నెలలు మంచంల పడితే ఇంట్ల పొయ్యి ఎట్ల వెలుగుతది? దానికి ఆరోగ్యశ్రీ దగ్గర జవాబు లేదు. ఇ.ఎస్.ఐ. దగ్గర ఉంది. జబ్బుపడి పనికి పోలేని రోజులకు కూలిలో నూటికి డెబ్భై, ఏడాదికి 91 రోజుల దాకా ఇయ్యాలె. రోజుకు 400 పడే మనిషికి 280. తొంభై ఒక్క రోజులకు 25,480. ఏడాదికి మనం కట్టేది 1,080. ఆడవాళ్ళకు కాన్పుకు 26 వారాలు నిండు జీతం. చెత్తలో సూది గుచ్చుకున్నా, మిషన్ల చెయ్యి పడ్డా నూటికి తొంభై. దీనికి ఇన్ని రోజులు పనిచేసి ఉండాలనే షరతు కూడా లేదు, చేరిన మొదటి రోజు నుంచే. డ్యూటీకి పోతూ వస్తూ హైవే మీద లారీ గుద్దినా 2010 సవరణ తర్వాత అది పనిలో జరిగిన ప్రమాదం కిందికే వస్తది. మనిషి చనిపోతే భార్యాపిల్లలకు నెలనెలా పింఛను. ఈ సంగతులు ఏ మేస్త్రీ అయినా మీకు చెప్పిండా?

ఇది ఎవడో దయతో పెట్టింది కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేద్కర్. ఆయన ఉండగనే అదార్కర్ కార్మికుల ఆరోగ్య బీమా మీద 1944లో నివేదిక ఇచ్చిండు. 1948లో చట్టమయ్యేనాటికి కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్. మన పెద్దలు కార్మిక శాఖ చూసిన నాడు వచ్చిన హక్కును, మన వాడల బిడ్డలే "వద్దు" అనే స్థితికి తెచ్చిండ్రు. ఎట్ల తెచ్చిండ్రో అది కూడా చెప్పాలె.

జబ్బు కూలి రావాలంటే ఆరు నెలల్లో 78 రోజుల చందా పడాలె. గుత్తేదారుకు ఈ అంకె నోటికొస్తది. నెలకు ఇరవై ఆరు రోజులు చేయించుకొని పది రోజులే కాగితం మీద చూపిస్తడు. లేదంటే టెండరు మారినప్పుడల్లా కొత్త నంబరు తీస్తడు. మనిషికి ఇ.ఎస్.ఐ. నంబరు జీవితాంతం ఒక్కటే ఉండాలె, పది అంకెలది. ఎన్ని చోట్ల చేసినా రోజులన్నీ దాంట్లనే కలవాలె. మూడు నంబర్లుంటే మూడు చోట్లా 78 నిండవు. పైసలన్నీ పోయినట్టే.

దవాఖానల సంగతి దాచం. 2019లో తెలంగాణ ఇ.ఎస్.ఐ. వైద్య విభాగంలో మందుల కొనుగోలు కుంభకోణం బయటపడి ఏ.సి.బి. డైరెక్టర్‌నే అరెస్టు చేసింది. మన తొంభై తొంభై కూడబెట్టిన సొమ్ము అది. దాని మీద కొట్లాడాల్సిందే. కొట్లాడాలంటే మన పేరు ముందు పుస్తకంల ఉండాలె కదా.

పాత చట్టం పోయి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. "కొత్త చట్టం, మాకు తెల్వదు" అని ఆఫీసుల్లో తప్పించుకుంటే నమ్మకండి. కూలిలోంచి కోసి కట్టకపోతే జైలుశిక్ష దాంట్ల కూడా ఉంది. గుత్తేదారు ఎగ్గొడితే కట్టాల్సింది అసలు కంపెనీ, అసలు మున్సిపాలిటీ. గేటు బయట మేస్త్రీతో కొట్లాడి ఇంటికి రాకండి. గేటు లోపలికి అడగండి.

వచ్చే ఆదివారం పొద్దున ఇదే జాగకు అందరూ మూడు నెలల జీతం చీటీలు, ఆధార్ కార్డు, ఫోను పట్టుకుని రండి. చీటీ ఇయ్యనివాళ్ళు బ్యాంకు పుస్తకం తెండి. మన పిల్లలు ఉమంగ్‌లో ఒక్కొక్కరి నంబరు తీసి ఎన్ని రోజులు పడ్డయో చూసి రాసిస్తరు. రెండు నంబర్లున్నవాళ్ళ పేర్లు వేరే కాగితం మీద రాసి, అందరం కలిసి ఇ.ఎస్.ఐ. ఆఫీసుల ఇచ్చి, రసీదు తీసుకుందాం. చదువు రాదని ఎవరూ ఆగొద్దు. రాత్రి డ్యూటీ అక్కలు పది గంటలకు వచ్చినా సరే, ఉంటం.