బిడ్డ మెడలోని గొట్టము



అమీర్‌పేట, పంజగుట్ట ఆసుపత్రులలో ఐ.సి.యు.నందున్న బిడ్డలను పరామర్శింప వెళ్ళినప్పుడు, మెడలోనో తొడవద్దనో అమర్చిన సన్నని గొట్టమును మనము చూచుచుందుము. పెద్ద సిరలోనికి మందును, పోషణను చేర్చు ప్రాణాధారమది. అయినను దాని వెంట క్రిములు రక్తములో ప్రవేశింపవచ్చును. పసివారి చిన్న సిరలో నెత్తురు గడ్డకట్టవచ్చును.

చేతులు కడుగుట, చర్మమును శుద్ధిచేయుట, అక్కర తీరిన గొట్టమును తీసివేయుట వంటి ఐదు నియమములతోనే ఈ అంటు ఎంతో తగ్గెనని అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఐ.సి.యు.ల అనుభవము 2006లో వెల్లడిచేసినది. పిల్లల విషయములో గొట్టము అమర్చిన తరువాతి దినదిన సంరక్షణయు అంత ముఖ్యమే.

కనుక చేతులు కడుగుకొనక మనము ఆ మంచమును సమీపింపరాదు, గొట్టమును తాకరాదు. వణుకు, జ్వరము, వాపు కనబడిన వెంటనే నర్సమ్మకు చెప్పుదము. "అయ్యా, ఈ గొట్టము నేడును అవసరమా?" అని డాక్టరుగారిని అడుగుటకు తల్లిదండ్రులకు ధైర్యమిత్తము. ప్రార్థనతోపాటు ఇదియు మన పరిచర్యయే.