పలుకుతూ వినడం
(చందాపురలోని తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసిన వెంటనే ఈ రేడియో గొడవేమిటని మీకు తోచవచ్చు. హాం రేడియో వారికీ ఒక పంచాంగం ఉన్నది. ఏ ఉపగ్రహం ఎన్ని గంటలకు ఏ దిక్కున ఉదయించి ఎప్పుడు అస్తమిస్తుందో చూచుకొనిగాని వారు యాంటెన్నా ఎత్తరు. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం ఒక్కొక్క పర్యాయం మనకు దక్కేది పది పదిహేను నిమిషాలే.

2005 మే 5న మన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు అటువంటి ఉపగ్రహాన్నొకదాన్ని మోసుకొని పోయింది. పేరు హామ్‌శాట్, బరువు 42.5 కిలోలు. 2014 జూలైలో బ్యాటరీ చెడి మూగబోయేవరకు తొమ్మిదేళ్లు అది దేశదేశాల హాంలకు సేవ చేసింది. 435 మెగాహెర్ట్‌జ్‌లో మన మాట అందుకొని, 145లో తిరిగి పంపేది. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు గనుక, మాట్లాడుతూనే మన మాట మనం వినవచ్చును. దీనినే ఫుల్ డ్యూప్లెక్సు అంటారు. పోలీసు వైర్‌లెస్సులో 'ఓవర్' అని మీట వదిలితేగాని అవతలివారి మాట వినబడదు; ఇది టెలిఫోను వంటిదన్నమాట.

దీని అవసరమేమి? ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎదురొచ్చే రైలు కూత మారినట్లే తరంగమూ మారుతుంది. 435 దగ్గర ఈ మార్పు పది కిలోహెర్ట్‌జ్ వరకు ఉంటుంది. స్వరం విని సరిదిద్దుకోనివాడు తెలియకుండానే పక్కవాడి సంభాషణమీదికి జరిగిపోతాడు. ఇక శక్తి సంగతి. ఉపగ్రహంలోని కొద్దిపాటి విద్యుత్తును అందరూ పంచుకోవాలి. ఒకడు గట్టిగా అరిస్తే తక్కినవారందరి గొంతులూ సన్నబడతాయి. అందుచేత మన స్వరం ఉపగ్రహపు బీకన్‌కంటె గట్టిగా వినబడరాదని నియమం.

ఆచరణలో ముందు ఇతరులను వినాలి. ఖాళీ చోటు చూచుకొని, తక్కువ శక్తితో పిలుపు గుర్తు పలికి, తన గొంతు వెతుక్కోవాలి. చెవులకు హెడ్‌ఫోన్లు తప్పనిసరి. లేకుంటే స్పీకరు శబ్దం మైకులో దూరి ఊళ వేస్తుంది. 145లో పంపి 435లో వినే ఉపగ్రహాలతో మరొక చిక్కు: 145కు మూడింతలు 435 గదా! మన ట్రాన్స్‌మిటరే మన రిసీవరును చెవుడు చేస్తుంది. మధ్య ఫిల్టరు ఉండాలి.

2018 నవంబరు 15న ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఎస్-హైల్-2లోనూ హాంలకు చోటిచ్చారు. అది అస్తమించదు, బెంగుళూరునుండి చూస్తే పడమటి ఆకాశంలో నిలిచి ఉంటుంది. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు పోయి రావాలి గనుక మన మాట పావు సెకను ఆలస్యంగా చెవిన పడి, కొత్తవారికి నాలుక తడబడుతుంది.

ఇది వట్టి వినోదం కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థవారి బృందం పోర్టుబ్లెయిరులో ఉండి, అండమాన్ల వార్తలు ప్రధాన భూమికి చేరవేసింది. అప్పుడు ఉపయోగపడినవి మామూలు హ్రస్వతరంగాలే. అయినా అటువంటి వేళ ఒకరి మాటమీద ఒకరు పడితే పోయేది ప్రాణాలే. వినే అలవాటు ఆపద రాకముందే పట్టుబడాలి.

మన పిల్లలలో ఆసక్తి ఉన్నవారు ప్రభుత్వ పరీక్ష నెగ్గి, లైసెన్సు పొంది ఈ విద్యలో ప్రవేశించాలని నా కోరిక.